మూడు అనకముందే

మా మేనత్త ముప్ఫై ఒక్క సంవత్సరాలు జంతుప్రదర్శనశాలలో పనిచేసింది. అందులో చివరి పద్దెనిమిదేళ్లు ఒకే చింపాంజీని చూసుకుంది. ఈ మాట చెప్పగానే వినేవాళ్ల ముఖాల్లో ఒకరకం భక్తి పుట్టుకొస్తుంది. "మూగజీవాల ప్రేమ ముందు మనుషులం మనమెంత" అని మొదలుపెడతారు. అత్త ఎదురుగా ఎవరైనా ఆ మాటంటే, "మీరెప్పుడైనా వాడి గది కడిగారా?" అని అడిగేది.

ఆ చింపాంజీని అందరూ ఇన్‌స్పెక్టర్ అనేవాళ్లు. ఊచల దగ్గరికి ఎవరొచ్చినా ముందు చేతులు చూసేవాడు, తర్వాత జేబులు, ఆ తర్వాతే ముఖం. ఒకసారి జంతువుల డాక్టరుగారు చొక్కాకు గుండీ ఊడిపోయి వస్తే, తన ఛాతీ మీద సరిగ్గా ఆ చోటే వేలు పెట్టి చూపిస్తూ, ఆయన వెళ్లేదాకా వదల్లేదు.

ఇన్‌స్పెక్టర్‌కు షుగరు. రోజూ పొద్దున ఏడున్నరకు ఇన్సులిన్ సూది పడాలి. మా మామయ్యకూ షుగరే. ఆయన సూది వేయించుకోవడానికి ఇల్లంతా తిరిగి, రెండు పాత గొడవలు తవ్వి, చివరికి మొహం గోడవైపు తిప్పి చెయ్యి ఇచ్చేవాడు. చింపాంజీ అలా కాదు. పద్ధతి ప్రకారం నడిచేవాడు.

ఆ పద్ధతి అత్త నేర్పిందే. ఊచలకు బయట రెండు ఇనుప కడ్డీలు బిగించి ఉండేవి. ఇన్‌స్పెక్టర్ రెండు చేతులూ బయటికి చాపి, ఒక్కో చేత్తో ఒక్కో కడ్డీ పట్టుకోవాలి. పట్టుకునేదాకా అత్త నేలమీది పసుపు గీత దాటదు. అది ప్రాణానికి సంబంధించిన నిబంధన. చింపాంజీ చెయ్యి ఒక్కటి ఖాళీగా ఉన్నా మనిషి ఎముక చీపురుపుల్లే. వాడు కడ్డీలు పట్టుకున్నాక అత్త గీత దాటి, ఖాళీ అరచేతులు చూపించి, సూదిని వాడి కళ్లముందే బయటికి తీసి, "ఒకటి, రెండు, మూడు" అని, మూడు దగ్గర పొడిచేది. తర్వాత ఉడకబెట్టిన గుడ్డు సగం. ఇది నేర్పడానికి ఏడు నెలలు పట్టింది. ఆ తర్వాత నాలుగేళ్లుగా అత్త చేతిలో ఒక్కరోజూ లెక్క తప్పలేదు.

అప్పుడు సినిమావాళ్లు వచ్చారు.

తీస్తున్నది రాబోయే కాలపు కథ. తెలివితేటలు వచ్చిన వానరాలకూ మనుషులకూ మధ్య సంధి మాటలు. వానరాల నాయకుణ్ణి చిన్నప్పుడు పెంచిన ఒకావిడ, "తలుపుకు గొళ్లెం పెట్టం, రండి" అని మాటిచ్చి లోపలికి పిలుస్తుంది. వాళ్లు వచ్చాక బయటినుంచి తనే గొళ్లెం పెడుతుంది. లోపల నాయకుడు ఆ చప్పుడు వింటాడు. అక్కడ ఒక అరుపు కావాలి. వానరం వేషం కట్టిన నటుడు అరిచిన అరుపు మనిషి అరుపులాగే ఉందట.

అందుకని సౌండ్ ఇంజనీరు ఒకాయన మైకులు తీసుకుని వచ్చాడు. మెత్తని మనిషి. బోర్లించిన బకెట్టు మీద కూర్చుని మూడురోజుల పాటు ఇన్‌స్పెక్టర్ చేసే ప్రతి శబ్దమూ రికార్డు చేసుకున్నాడు. మధ్యమధ్యలో అత్తను అడిగేవాడు: ఎలా నేర్పారు, మొదటిరోజు ఏం చేశారు, వాడికి అర్థమైందని మీకెలా తెలిసింది. పాతికేళ్లలో అత్త పని గురించి అలా చెవులొగ్గి విన్న మొదటి మనిషి అతనే. ఇంట్లో మేమెవరమూ అడగలేదు. ఈ సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి.

"అమ్మా, కోపం దొరికింది, భయం దొరికింది, ఆకలి దొరికింది," అన్నాడు మూడో రోజు. "నాకు కావలసింది వేరే. నమ్మినవాళ్లు దెబ్బకొడితే వచ్చేది."

అత్త నోరు జారింది. "అదొకసారి వచ్చింది బాబూ. నేను సెలవు పెడితే నా బదులు వచ్చినవాడు తొందరపడి రెండు దగ్గరే పొడిచేశాడు. ఆ అరుపు గేటు దాకా వినపడిందట. ఇన్‌స్పెక్టర్ ఆ మనిషికి మళ్లీ చెయ్యి ఇస్తే ఒట్టు. నాకు మాత్రం మర్నాడే ఇచ్చాడు."

ఆ చివరి వాక్యంలో ఉన్న గర్వమే కొంప ముంచింది. ఇంజనీరు బకెట్టు ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాడు. తర్వాత నెమ్మదిగా, "సూది ఎలాగూ పడేదే కదమ్మా. ఒక్క అంకె ముందు. అంతే," అన్నాడు.

అత్త కుదరదంది. సాయంత్రానికి చూద్దామంది. డాక్టరుగారిని అడిగితే తిడతారని తెలుసు కాబట్టి అడగలేదు. పై అధికారి అత్తను బలవంతపెట్టాడని తర్వాత కొందరు అన్నారు. అదేం లేదు. పొగిడారు, పడిపోయింది. మనలో చాలామందిమి అంతకంటే తక్కువకే పడిపోతాం.

మర్నాడు మంగళవారం. ఇన్‌స్పెక్టర్ కడ్డీలు పట్టుకున్నాడు. అత్త అరచేతులు చూపించింది, సూది చూపించింది. "ఒకటి, రెండు" అంది, పొడిచింది.

వాడు వెంటనే అరవలేదు. ముందు సూది వైపు చూశాడు. తర్వాత అత్త ముఖంలోకి చూశాడు. అప్పుడు అరిచాడు. ఇంజనీరు చెవుల మీది హెడ్‌ఫోన్లను రెండు చేతులా నొక్కిపట్టి కళ్లు మూసుకున్నాడు. వెళ్లేముందు అత్త చేతులు పట్టుకుని, "ఈ పని ఇంకెవరివల్లా కాదమ్మా," అన్నాడు. ఆ రోజు అత్త ఇంటికి ఉబ్బితబ్బిబ్బవుతూ వచ్చింది. మామయ్యకు మూడుసార్లు చెప్పింది.

బుధవారం ఇన్‌స్పెక్టర్ చెయ్యి ఇవ్వలేదు. వీపు తిప్పి గోడ మూలన కూర్చున్నాడు. అత్త పిలిచింది, గుడ్డు చూపించింది, మొత్తం గుడ్డు ఇస్తానంది. వాడు వెనక్కి చూడలేదు. పక్క బోనుల ఉద్యోగి అరటిపండు ఇస్తే తీసుకున్నాడు. అత్త ఇస్తే, కిందపెట్టి ఆవిడ వెళ్లిపోయేదాకా ముట్టుకోలేదు.

డాక్టరుగారికి చెప్పక తప్పలేదు. ఆయన అంతా విన్నాడు. అరవలేదు. అరిస్తే బాగుండేదనేది అత్త.

"మాత్రలు అరటిపండులో పెట్టి నాలుగురోజులు నెట్టుకొస్తాను," అన్నాడు. "ఐదో రోజుకు చెయ్యి ఇవ్వకపోతే మత్తు బాణం వేసి పడుకోబెట్టాలి. రోజూ అలా వేయలేం. వాడి గుండె సంగతి నీకు తెలుసుగా అక్కా. ఒక్కసారికి తట్టుకుంటాడన్న నమ్మకమే నాకు లేదు."

అంటే ఐదురోజుల్లో ఆ చెయ్యి రాకపోతే ఇన్‌స్పెక్టర్ బతకడు. సంగతి అంతే.

అత్త అన్నం మానేసింది. జంతువులు తొందరగా మర్చిపోతాయని ఒకరు, క్షమించే గుణం వాటికే ఉందని ఇంకొకరు ఊరడించారు. మామయ్యకు అలాంటి మాటలు రావు. ఆయన దర్జీ.

"నాతో పోట్లాడిన రోజు రెండు ముద్దలు ఎక్కువే తింటావు. వాడు అలిగితే కంచం ముట్టవు. మంచి సంసారమే మనది," అన్నాడు.

"వెటకారం ఆపు. ఏం చెయ్యాలో తోచక చస్తున్నా."

"గుడ్డు మొత్తం ఇస్తానన్నావట."

"అన్నాను. అయితే?"

"కొలత తప్పి కుట్టిన చొక్కాకు మంచి గుండీలు పెట్టి ఇస్తే ఊరుకుంటారా? కుట్టు విప్పాలి. మొదటినుంచి కుట్టాలి. వాడికి గుడ్డు ఎందుకే, తప్పింది లెక్కయితే."

గురువారం అత్త గుడ్డు తీసుకెళ్లలేదు. పసుపు గీతకు ఇవతల ముక్కాలి పీట వేసుకుని కూర్చుంది. ఖాళీ అరచేతులు చాపి, "ఒకటి, రెండు, మూడు" అంది. ఏమీ చేయలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుంది. కాసేపాగి మళ్లీ, "ఒకటి, రెండు, మూడు." ఆ రోజంతా అదే. చూడటానికి వచ్చిన జనం ఆవిడకు మతి చలించిందనుకున్నారు. ఒక పెద్దమనిషి, "నేర్చుకుంటోందా అది?" అని అడిగితే, "నేను నేర్చుకుంటున్నా," అంది. అలవాటైన పెడసరంతోనే అంది. కానీ గొంతు పోయింది అప్పటికి.

శుక్రవారం మధ్యాహ్నానికి ఇన్‌స్పెక్టర్ ఇటు తిరిగి కూర్చున్నాడు. శనివారం ఊచల దగ్గరికి వచ్చాడు. కుడిచెయ్యి బయటికి చాపాడు. "ఒకటి" అంటే ఉంచాడు. "రెండు" అనగానే లాక్కున్నాడు. ఇరవైసార్లు చాపాడు, ఇరవైసార్లూ రెండు దగ్గరే లాక్కున్నాడు. అత్త విసుక్కోలేదు. వాడు చెయ్యి లాక్కున్నాక కూడా ప్రతిసారీ మూడు అని చెప్పింది.

ఆదివారం ఐదో రోజు. వాడు నీళ్లు తెగ తాగుతున్నాడు, కూర్చున్నచోటే తూగుతున్నాడు. డాక్టరుగారు బాణం తుపాకీ గుడ్డలో చుట్టి తెచ్చి తలుపు బయటే పెట్టి లోపలికి వచ్చాడు.

"ఒక్క గంట," అంది అత్త.

"అరగంట అక్కా. ఆలస్యమైతే మత్తు కూడా ప్రమాదమే."

ఇన్‌స్పెక్టర్ ఊచల దగ్గరికి వచ్చాడు. కుడిచేత్తో కడ్డీ పట్టుకున్నాడు. ఎడమచెయ్యి రెండో కడ్డీ మీద పెట్టలేదు. అరచెయ్యి పైకి తిప్పి, బయటికి చాపి, అలాగే ఉంచాడు. అత్త కడ్డీ చూపించింది. వాడు కడ్డీ వైపు చూడలేదు. అత్త ఎడమచేతి వైపు చూశాడు.

ఏమడుగుతున్నాడో అత్తకు అర్థమైంది. డాక్టరుగారికీ అర్థమైంది. "వద్దు అక్కా," అన్నాడు.

అత్త పసుపు గీత దాటింది. తన ఎడమ మణికట్టును ఆ చేతిలో పెట్టింది. నల్లటి వేళ్లు చుట్టూ మూసుకున్నాయి. కుడిచేత్తో సూది చూపించింది.

"ఒకటి."

వేళ్లు కదల్లేదు.

"రెండు."

పట్టు బిగిసింది. ఎముకలు ఒకదానికొకటి తగిలినట్టు అనిపించిందని అత్త చెప్పేది. అయినా చెయ్యి లాక్కోలేదు. అక్కడ వాడూ లాక్కోలేదు.

"మూడు."

సూది దిగింది. వాడు అరవలేదు. మణికట్టు వెంటనే వదల్లేదు కూడా. దాన్ని ముక్కు దగ్గరికి తీసుకుని వాసన చూసి, అప్పుడు వదిలాడు. వెనక్కి తిరిగితే డాక్టరుగారు గోడవైపు మొహం పెట్టి నిలబడి ఉన్నాడు. నిబంధన ఉల్లంఘించడం తాను చూడలేదని రేపు రాసివ్వాలి కదా, అందుకట.

సినిమా మరుసటి ఏడు వచ్చింది. ఇంజనీరు మర్చిపోకుండా రెండు టికెట్లు పంపించాడు. గొళ్లెం పడిన సన్నివేశంలో ఆ అరుపు లేదు. సంగీతం ఉంది, చాలా సంగీతం. అరుపును ఇంకెక్కడో యుద్ధంలో వాడారు, గుర్రాల సకిలింపుల కింద, అర క్షణం. హాల్లో అత్త ఒక్కతే ఉలిక్కిపడింది.

"వచ్చిందా? ఎప్పుడు?" అన్నాడు మామయ్య.

"అయిపోయింది. నువ్వు చూడు."

ఆ చిత్రాన్ని చాలామంది మానవజాతి చేసిన ద్రోహం గురించి అన్నారు. నాకు మానవజాతితో పరిచయం లేదు. మా అత్తతో ఉంది. ఆవిడ ఒక మంగళవారం ఒక అంకె ముందు సూది పొడిచింది. ఇన్‌స్పెక్టర్ ఆ తర్వాత ఆరేళ్లు బతికాడు. ఆరేళ్లూ రోజూ చెయ్యి ఇచ్చాడు, రోజూ ఆవిడ మణికట్టు పట్టుకునే ఇచ్చాడు. రెండో కడ్డీ మీద మళ్లీ ఎప్పుడూ చెయ్యి వేయలేదు. అత్త ఎడమచేతికి గాజులు వేసుకోవడం మానేసింది. మణికట్టు మీద కమిలిన మచ్చ ఒకటి పోతుంటే ఇంకొకటి వచ్చేది.

వాడి చివరి చలికాలంలో ఒకరోజు అత్త ఇంటికొచ్చి, కుట్టుమిషను పక్కన కూర్చుని చెప్పింది.

"ఇవాళ రెండు దగ్గర పట్టు బిగించలేదు. ఊరికే పట్టుకున్నాడు."

మామయ్య మిషను ఆపాడు. "ముసలాడయ్యాడు కదే. చేతిలో బలం తగ్గి ఉంటుంది."

"అయి ఉండొచ్చు," అంది అత్త. రెండో చేత్తో మణికట్టు పట్టుకుని, అలాగే కూర్చుంది.