గట్టయ్య చెవి

తార్నాక మెకానిక్ గట్టయ్య వచ్చీ రాగానే బానెట్ ఎత్తడు. పొగగొట్టం దగ్గర గొంతుక్కూర్చుని, వేలితో మసి తీసి వాసన చూస్తాడు. బీడీ మాత్రం ముట్టించకుండా చెవి మీదే ఉంటుంది. యూనివర్సిటీ లెక్చరర్ శాంతికుమార్ పాతకారు నల్లపొగ కక్కుతూ పెట్రోలు తాగేస్తోంది. ఇంజనీరింగ్ చదివిన మిత్రులు ముగ్గురు స్క్రూలు తిప్పి తిప్పి, ఇంజనే పోయిందని తేల్చారు. పొరుగాయన నిమ్మకాయలు కట్టించాడు. ఇవాళ పొగ ఆగకపోతే రేపు పాత ఇనుముకు అమ్మేయడమే.

“ఇంజనుకు దిష్టి తగుల్తదా సార్? పెట్రోలెక్కువై ఊపిరాడ్తలేదు,” అంటూ గట్టయ్య కార్బురేటర్ విప్పాడు. పెట్రోలు నిండగానే పైకి తేలి దారి మూయవలసిన ఇత్తడి బుడ్డిని తీసి, కొబ్బరికాయలా చెవి దగ్గర ఊపాడు. లోపల గలగలమంది. “గిదే మునుగుతున్నది. ఇగ పెట్రోలు ఎట్ల ఆగుతది?” వేడినీళ్లలో ముంచితే సన్నని చిల్లు బుడగలు కక్కింది. లోపలి పెట్రోలంతా పోగొట్టి, చిల్లుకు మాటు వేసి బిగించాడు.

కారు ఆర్ట్స్ కాలేజీ ఎత్తు గుక్కతిప్పుకోకుండా ఎక్కింది. “సార్, మీ తెల్లరుమాలు ఇయ్యుండ్రి,” అని దాన్ని పొగగొట్టానికి అడ్డంపెట్టి, వెంట వచ్చిన ముగ్గురు మిత్రులకూ విప్పి చూపించాడు. మరక లేదు.

“స్క్రూలు మంచిగనే తిప్పిన్రు సార్, ఊపి చూడలే,” అని గట్టయ్య అప్పుడు తీరిగ్గా బీడీ ముట్టించాడు.