కాళ్ళక్క ఎంచుకున్న పైచదువు

ఆసుపత్రి వెనక, లాండ్రీ పక్కన మా వర్క్‌షాపు. కాలు పోయినవాళ్ళకు అక్కడ కొత్త కాళ్ళు చేస్తాం. చేసే మనిషిని ఆసుపత్రంతా కాళ్ళక్క అనేది. నేను అంచులు అరగదీసే గ్రైండరు మీద ఉండేవాణ్ణి. అక్క డిగ్రీ చదివే వచ్చింది కానీ, పని చేతికి పట్టుబడింది మా బల్ల దగ్గరే.

చెప్పు కరిచినట్టే పెట్టుడుకాలూ కరుస్తుంది. కొత్త కాలు తొడిగి నాలుగడుగులు నడిపించి, "ఎక్కడ కరుస్తోంది?" అనడిగేది. "బాగానే ఉందమ్మా" అని మొహమాటపడే వాళ్ళ మాట వినేది కాదు, మొహం చూసేది. కాలు ఊడదీసి, "ఇక్కడ గోరంత తియ్యి తమ్ముడూ" అని నా చేతికిచ్చేది.

ఒకరిని పైచదువు చదివిస్తామని ఆసుపత్రివాళ్ళు అక్కనే పిలిచారు. ఈ పనిలోనే మాస్టర్స్ చెయ్యాలంటే రెండేళ్ళు వేరే ఊళ్ళో ఉండాలి. ఆసుపత్రి మేనేజ్‌మెంట్ కోర్సయితే ఇక్కడే, సాయంత్రం తరగతులు. అక్కడే పెద్దనర్సుగా చేసే అక్క ఆడపడుచు మా బల్ల దగ్గరికే వచ్చింది.

"జుట్టంతా ఆ తెల్లపొడేమిటమ్మా, పిండిమరలో పనిచేసేదానిలా! మేనేజ్‌మెంట్ తీసుకుని కుర్చీలో కూర్చో."

"నేను కూర్చుంటే వాళ్ళని నిలబెట్టేదెవరు వదినా?"

"రేపు ఈ షెడ్డు ఎత్తేస్తామంటే ఏం చేస్తావ్? పైనుంటే నువ్వే కాపాడుకోవచ్చు."

ఆ మాట అక్కకు ఎక్కింది. మేనేజ్‌మెంటే తీసుకుంది. చదువయ్యాక పొద్దున ఆఫీసు, మధ్యాహ్నం బల్ల అనుకుంది.

"రెండు పడవల మీద కాళ్ళా అక్కా?" అన్నాను.

"కాళ్ళకేం కొదవరా మనకి? చాలకపోతే ఇంకోటి చేసుకుందాం" అని నవ్వింది.

మేనేజరయ్యాక కొన్నాళ్ళు నిజంగానే వచ్చింది. తర్వాత మీటింగులు మధ్యాహ్నాలను మింగేశాయి. ఇన్‌స్పెక్షన్ వస్తోందని ప్రతి విభాగానికీ నిబంధనలు రాయాల్సి వచ్చింది. మా షెడ్డుకు అక్కే రాసింది: కొలతలు, అచ్చు, తొడగడం, ఈ పనిలో మాస్టర్స్ చేసినవాళ్ళే చెయ్యాలి. అలా రాస్తే ఒక పోస్టు ఇవ్వక తప్పదని ఆమె ఎత్తు. పారింది కూడా. కొత్తమ్మాయి వచ్చింది. మంచి పిల్ల, పని తెలిసిన పిల్ల.

ఒకరోజు అక్క చేసిన కాలుతో ఏళ్ళ తరబడి ఉత్తరాలు పంచిన పోస్ట్‌మాన్ వచ్చాడు. కాలు అరిగిపోయింది. అక్కే చెయ్యాలని పట్టుబట్టాడు. కబురు వెళ్ళగానే అక్క గబగబా దిగివచ్చి, కుర్తా చేతులు పైకి మడిచి, అచ్చు తీసే ప్లాస్టరు పట్టీ నీళ్ళలో ముంచింది.

"మేడమ్..." కొత్తమ్మాయి మొహం ఎర్రబడింది. "మీరు చెయ్యకూడదేమో. రూలు..."

"ఏ తలమాసినవాడు రాశాడమ్మా ఆ రూలు?" అన్నాడు పోస్ట్‌మాన్.

"నేనే" అంది అక్క.

ఆయన నాలిక్కరుచుకున్నాడు. "రాసింది నువ్వేగా, కొట్టెయ్యరాదూ?"

"కొట్టేస్తే ఈ పిల్ల ఉద్యోగం పోతుంది బాబాయ్."

చేతిలో పట్టీ అప్పటికే బిగుసుకుంది. అక్క దాన్ని డబ్బాలో పడేసి చేతులు కడుక్కుంది. కొత్తమ్మాయి ఇంకో పట్టీ విప్పి పనిలోకి దిగింది.

"కాసేపు చూడొచ్చా?" అంది అక్క.

"మీరు మేనేజరు మేడమ్. నన్నడగడమేమిటి?"

అక్క గోడవారగా చేతులు కట్టుకుని నిలబడింది.