రేడియో పలికేటప్పుడే చురుక్కుమనే తీగ

మా మేనత్త వాళ్లది ఏన్కూరు దాటాక, అడవి మొదలయ్యే చోట మిరప చేను, దాన్ని ఆనుకునే ఇల్లు. గట్టు అవతలే రేడియో స్టేషన్ టవర్. రెండువేల ఏడు ప్రాంతంలో నేను ఖమ్మంలో ఎం.టెక్. చదువుతూ, నేలలో తడిని కొలిచి వైర్లు లేకుండానే ఆ అంకెను కంప్యూటర్‌కు పంపే చిన్న సెన్సర్ తయారు చేస్తున్నాను. దాన్ని చేలో పరీక్షించడానికి అత్త ఇంట్లో దిగాను. సెన్సర్ బాగానే పనిచేసేది. బ్యాటరీలే నాలుగు రోజులకోసారి అయిపోయి నన్ను ఏడిపించేవి.

ఒక ఉదయం అత్త పెరట్లో ఇనుప తీగ మీద తడి బట్టలు ఆరేస్తూ చెయ్యి వెనక్కి లాక్కుంది.

"మళ్లా చురుక్కుమన్నది. ఎప్పుడూ గిట్లనే అయితది," అంది.

మామయ్య అప్పటికే రెండుసార్లు లైన్‌మన్‌ను పిలిపించి చూపించాడట. కరెంటు లీకు ఎక్కడా దొరకలేదు. "మీ అత్తది ఉత్త అనుమానం," అన్నాడు మామయ్య. నేనూ నా మీటరు తెచ్చి తీగకు పెట్టాను. సున్నా చూపించింది.

"ఏమీ లేదత్తా," అన్నాను, చదువుకున్నదాన్ననే ధీమాతో.

అత్తకు కోపం రాలేదు. "మధ్యాహ్నం రేడియో బందున్నప్పుడు ముట్టుకుంటే ఏం గాదు బిడ్డా. రేడియోల మాటలు వస్తున్నప్పుడే అయితది. స్టేషన్ బందయితే తీగ గూడ బందయితది. ఎన్నిసార్లు చూసిన్నో," అంది.

ఆ మాటకు నాకు గట్టు అవతలి టవర్ గుర్తొచ్చింది. చెప్పులు విప్పి, తడి నేల మీద నిలబడి తీగను ముట్టుకున్నాను. సన్నగా సూదితో గుచ్చినట్టయింది. నా మీటరు ఇంటి కరెంటును కొలిచేది. టవర్ తరంగాలు సెకనుకు లక్షలసార్లు ఊగుతాయి, వాటిని అది పట్టుకోలేదు. తీగకూ మీటరుకూ మధ్య, కరెంటును ఒకవైపుకే పోనిచ్చే డయోడ్ ఒకటి పెట్టాను. ఈసారి అంకెలు కదిలాయి.

"అత్తా, నువ్వు చెప్పింది నిజమే. ఈ తీగలోకి టవర్ నుంచి కరెంటు వస్తోంది. నా సెన్సర్‌కు అది చాలు."

"నేను మొదటి నుంచి గదే చెప్తున్న గదా," అంది అత్త.

ఆ రోజే పని మొదలుపెట్టాం. తీగను చేను దాకా పొడిగించాం. ఎర్త్ కోసం గడ్డపారను తడి మడిలో దిగేశాం. అత్త అటక మీద నుంచి పాడైపోయిన రేడియో దించి ఇస్తే, అందులోంచి స్టేషన్ తిప్పే కండెన్సర్ ఊడదీసి, నేను చుట్టిన కాయిల్‌కు కలిపి, డయోడ్ మీదుగా బ్యాటరీ తీసేసిన సెన్సర్‌కు తగిలించాను. మొదట ఏమీ కాలేదు. తర్వాత నేను మీటరు చూస్తుంటే అత్త కూర్చుని మెల్లగా ఆ కండెన్సర్ చువ్వ తిప్పసాగింది.

"ఇంకొంచెం... ఆగు, వెనక్కి..."

మీటరులో అంకె ఒక్కసారిగా పెరిగింది. నిమిషం గడిచింది. సెన్సర్ మీద ఎర్ర దీపం మిణుక్కుమంది. నేను వసారాలోకి పరుగెత్తాను. లాప్‌టాప్ మీద నేల తడి అంకె వచ్చి ఉంది. బ్యాటరీ లేదు, ప్లగ్గు లేదు. నేను అక్కడి నుంచే అత్తను కేకేసి పిలిచాను.

మధ్యాహ్నం ప్రసారం ఆగిన కాసేపటికి సెన్సర్ కూడా ఆగిపోయింది. సాయంత్రం రేడియో మొదలయ్యే వేళకు ముగ్గురం చేలోనే కూర్చున్నాం. ఎవరూ ఏదీ ముట్టుకోలేదు. టవర్ పని మొదలుపెట్టి, ఇంకా వార్తలు రాకముందే దీపం దానంతటదే వెలిగింది. మామయ్య దగ్గరికి జరిగి, వంగి దాని వంకే చూశాడు.

మిరప ఏరేదాకా ఆ సెన్సర్ ఒక్క బ్యాటరీ అడగకుండా పనిచేసింది. కాలేజీ వాళ్లు దాన్ని చూడటానికి వచ్చినప్పుడు, నేను నోరు తెరిచేలోపే మామయ్య ముందుకొచ్చి చెప్పాడు.

"దీన్ని కనిపెట్టింది మా ఇంటామె, సార్. మేమే నమ్మలే."