మా వంటింట్లోంచి సైకిళ్లు

మా మేనత్త గోడౌన్‌లో పార్సిళ్లు కడుతుంది. ఆవిడ వేసిన ముడి విప్పడం ఎవరి తరమూ కాదు, కత్తిరించాల్సిందే. ఆరా తీయకపోతే ఆవిడకి పొద్దుపోదు. సైకిల్ మీద పనికెళ్తుంటే కాలవ పక్క సైకిల్ దారిలో రోజూ ఎదురొచ్చేవాళ్లంతా ఎవరు, ఏం చేస్తారు అని నా ప్రాణం తీసేది. "వాళ్లనే అడగరాదూ?" అంటే, "ఒక్కళ్లయినా ఆగితే కదరా!" అనేది.

ఈమధ్య పైపుల కోసం ఆ దారి తవ్వేశారు. సందుల్లోకి తిప్పుతూ ఓ బాణం గుర్తు పెట్టారు గానీ, సందులోకి వెళ్లాక ఇంకో బాణం లేదు. ఓ రోజు అక్కడ అందరూ దిక్కులు చూస్తుంటే, అత్త ఒక్కర్తే చకచకా మలుపులు తిరుగుతోందట. ఇంకేం, అందరూ ఆవిడ వెనకే పడ్డారు.

నేను సగం గీసిన గడ్డంతో తలుపు తీస్తే, గుమ్మం ముందు అరడజను సైకిళ్లు!

"మీకు దారి తెలుసనుకున్నామండీ," అన్నాడు ముందున్నాయన.

"నాకు మా ఇల్లు తెలుసు. టిఫిన్ బాక్సు మర్చిపోయి వెనక్కొచ్చా," అంది అత్త.

మా పెరటి తలుపు తీస్తే ఎదురుగా అదే సైకిల్ దారి, తవ్వేసిన చోటుకి అవతలి భాగం. సైకిళ్లన్నీ మా వంటింట్లోంచి నడిపించుకుపోయారు. ఒక్కొక్కర్నీ ఆపి వివరాలడిగి గానీ అత్త వదల్లేదు. ఒకాయన గడియారాలు బాగుచేస్తాడట. ఇంకొకావిడ ఈత నేర్పుతుందట. నేలంతా బురద.

"రేపట్నించి ఇవన్నీ కుదరవు," అన్నాను.

"అలాగేలే," అంది అత్త బుద్ధిగా.

మర్నాడు చూస్తే మా గేటుకి బాణం గీసిన అట్ట వేలాడుతోంది. ఎవరు కట్టారో తనకేం తెలుసంది అత్త. విప్పబోయాను. ముడి ఊడి రాలేదు.