అనకాపల్లి దాటిపోయిన నిద్ర

రాజమండ్రి నుంచి చోడవరంలో మా పుట్టింటికి రావాలంటే అనకాపల్లిలో రైలు దిగి, అక్కణ్ణించి బస్సో ఆటోనో పట్టుకోవాలి. ఆ రోజు అమ్మా నేనూ అలాగే బయలుదేరాం. పెళ్ళయ్యాక నేను రాజమండ్రిలో ఉంటున్నాను. ఏడో నెలలో కడుపులోనే బిడ్డ పోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక నాకు నిద్ర పట్టడం మానేసింది. కళ్ళు మూసుకునేదాన్ని, ఒళ్ళు అలిసిపోయి ఉండేది, అయినా లోపల ఏదో ఒకటి మేలుకునే ఉండేది. మా ఆయన లేచి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చేవాడు. నేను తాగాక ఖాళీ గ్లాసు పట్టుకుని అలాగే కూర్చునేవాడు. అమ్మ చూడ్డానికి వచ్చి కొన్నాళ్ళు ఉంది. ఒకరోజు పొద్దున్నే అల్లుడితో, "మా ఇంటికి తీసుకెల్తాను బాబూ. మళ్ళా నానే దిగబెడతాను" అంది.

మాకు దొరికింది ఒడిశా వైపు పోయే రైలు. స్లీపర్ పెట్టెలో కింద బెర్తు. అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. సామర్లకోట దాటాక నడుం లాగుతోందని ఆమె ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్నాను. నిద్రపోదామని కాదు. అమ్మ చీర ఎండలో ఆరిన బట్ట వాసన వేస్తోంది. ఆమె వేళ్ళు నా జుట్టులో నెమ్మదిగా తిరుగుతున్నాయి. చర్చిలో పాడే పాటేదో గొంతులోనే పాడుకుంటోంది. మాటలు వినపడటం లేదు, ఆ సన్నటి అదురు మాత్రం నా చెంపకి తగులుతోంది. కిటికీలో కొబ్బరి చెట్ల తలలు ఎడమ నుంచి కుడికి పోతున్నాయి. తునిలో ఎవరో జామకాయలు అమ్ముకుంటూ వెళ్ళడం గుర్తుంది. ఆ తర్వాతది ఏదీ గుర్తులేదు.

కలలో మా చెరకు తోటలో ఉన్నాను. చెరకంతా పూతకొచ్చి తెల్లటి కుచ్చులు వేసింది. గాలికి అవి వంగినప్పుడల్లా నా మీద నీడ పడుతోంది, తొలగుతోంది. కాళ్ళ కింద బోదెలో నీళ్ళు చల్లగా పారుతున్నాయి. ఎంత నడిచినా తోట గట్టు రావడం లేదు. రాకపోయినా ఫరవాలేదనిపించింది. ఎవరూ పిలవడం లేదు, నాకెక్కడికీ వెళ్ళాల్సిన పని లేదు.

కళ్ళు సగం తెరుచుకునేసరికి చెట్లు కుడి నుంచి ఎడమకి పోతున్నాయి. రైలు మనసు మార్చుకుని మమ్మల్ని మళ్ళీ రాజమండ్రి తీసుకుపోతోంది అనుకున్నాను. విశాఖపట్నంలో ఇంజను ఆ చివర నుంచి ఈ చివరకి మారుస్తారని, అక్కణ్ణించి బండి అటు తిరిగి పోతుందని నాకు తెలిసిందే. ఆ మత్తులో అది తట్టలేదు. అటు పోతే పోనీ అనుకుని కళ్ళు మూసుకున్నాను.

అప్పుడు ఒక మగ గొంతు వినపడింది. "టికెట్ చూపించండమ్మా."

చేతిసంచి జిప్పు తీసిన చప్పుడు.

"ఇది అనకాపల్లి వరకే ఉందమ్మా. అనకాపల్లి ఎప్పుడో పోయింది. వైజాగ్ కూడా దాటేశాం."

"తెల్సు బాబూ" అంది అమ్మ.

"తెలిసి దిగలేదా? నిద్ర పట్టేసిందా?"

"నాకు కాదు. మా గుంటకి."

అమ్మే మళ్ళీ చెప్పింది, గొంతు బాగా తగ్గించి. "బిడ్డ పోయింది బాబూ దీనికి. అప్పట్నించి కన్ను మూసింది నేదు. అనకాపల్లి వచ్చినప్పుడు నాను మెలకువగానే ఉన్నాను. లేపుదామని సెయ్యెత్తేను. లేపబుద్ధి కానేదు."

"వైజాగ్‌లోనైనా దిగాల్సిందమ్మా. అక్కడ చాలాసేపు ఆగింది కదా."

"అక్కడా అలాగే అయ్యింది."

ఇప్పుడు నాకు పూర్తిగా మెలకువ వచ్చింది. లేచి కూర్చోవచ్చు, నేను మాట్లాడవచ్చు. కానీ నేను లేస్తే అమ్మ ఇంతసేపు కాపాడుకున్నది పోతుందనిపించింది. కళ్ళు మూసుకునే ఉన్నాను.

"మీరు చెప్పింది నిజమేనమ్మా. కానీ అనకాపల్లి నుంచి మీకు టికెట్ లేనట్టే లెక్క. ఛార్జీ కట్టాలి, దానిమీద జరిమానా కూడా కట్టాలి. ఇద్దరికీ" అన్నాడాయన.

"రాయండి. తప్పు మాదే కదా. కాకపోతే కొంచెం మెల్లగా సెప్పండి బాబూ, లెగుస్తాది."

ఆయన నిజంగానే గొంతు తగ్గించాడు. "ఎక్కడి వరకు రాయమంటారు?"

"ఈ బండి ఎక్కడిదాకా ఎల్తాది?"

"భువనేశ్వర్."

అమ్మ ఆలోచనలో పడింది. నా నుదుటి మీది చెయ్యి ఆగింది. నిజంగానే లెక్క వేసుకుంటోందని అర్థమై నాకు లోపల్లోపల నవ్వొచ్చింది. నవ్వొచ్చి ఎన్నాళ్ళయిందో.

"అంత దూరమొద్దులే బాబూ. ఇజీనారం దాకా రాయండి."

రసీదు చింపిన చప్పుడయ్యింది. ఎదురుగా ఎవరో, ఈ బెర్తు తనదని, వైజాగ్‌లో ఎక్కినప్పటి నుంచీ సర్దుకుని కూర్చున్నానని అంటున్నారు. "విజయనగరంలో దిగిపోతారండి. అంతవరకు అలాగే కూర్చోండి" అని చెప్పి టీసీ ముందుకి వెళ్ళిపోయాడు. ఆయన బూట్ల చప్పుడు దూరమయ్యేదాకా విన్నాను. తర్వాత మళ్ళీ నిద్రపోయాను. ఈసారి కల కూడా రాలేదు.

విజయనగరంలో అమ్మే లేపింది. ప్లాట్‌ఫామ్ మీద మధ్యాహ్నపు ఎండ పలుచగా పడుతోంది. బెంచీ మీద కూర్చున్నాక అమ్మ ఫోన్ ఆన్ చేసింది. రింగవుతుందని దారిలోనే ఆపేసిందట. ఆన్ చెయ్యగానే, మా కోసం అనకాపల్లి స్టేషన్‌కి వచ్చిన తమ్ముడి ఫోన్.

"అమా, బండొచ్చీసి ఎల్లిపోయింది. మీరేరీ?"

"ఇజీనారంలో ఉన్నాం."

"ఇజీనారంలో ఏటి పని?"

"పనేటీ నేదు. మీ అక్క పడుకుంది" అని ఫోన్ పెట్టేసింది.

నేను అమ్మ మొహం చూశాను. ఆమె పట్టాల వైపు చూస్తోంది. అన్నీ విన్నానని చెప్పాను. అమ్మ కంగారు పడలేదు.

"నువ్వు పుట్టినప్పుడు కూడా ఇలాగే. నిద్దర్లో ఉంటే లేపనిచ్చేదాన్ని కాదు. మీ నాన్నమ్మ తిట్టేది, పాలకి లేపవే అని" అంది.

అంతే అంది. నాకు ఏడుపొచ్చింది. ఆసుపత్రిలో రాని ఏడుపు, మా ఆయన ముందు రాని ఏడుపు, ఆ బెంచీ మీద వచ్చింది. అమ్మ ఊరుకోమనలేదు. పక్క నుంచి వెళ్ళేవాళ్ళు చూస్తున్నా పట్టించుకోలేదు. నేను ఆపేదాకా ఆగి, వెళ్ళి పకోడీ పొట్లం తెచ్చింది. చేతులకి నూనె అంటుకుంటుంటే ఇద్దరం తిన్నాం. మళ్ళీ తెమ్మన్నాను.

కొత్త టికెట్లు తీసుకుని పాసింజరులో వెనక్కి వచ్చాం. బండి చిన్న చిన్న స్టేషన్లలో కూడా ఆగుతూ పోయింది. నాకు తొందర లేదు. తాటిచెట్లు, చెరువుల్లో తెల్ల కొంగలు, గేటు దగ్గర ఆగిన ట్రాక్టర్లు, అన్నీ నాకు చూపించడానికే ఒక్కొక్కటిగా తెస్తున్నట్టు అనిపించింది.

అనకాపల్లిలో తమ్ముడు పొద్దుటి నుంచీ ఉన్న కోపమంతా అమ్మ మీద చూపించాడు. "ఫోనైనా సెయ్యొచ్చు కదే. నానేటి అనుకోవాలి?" అమ్మ సంచి వాడికి అందించి ఆటో ఎక్కింది. చోడవరం దారిలో చెరకు లోడు బళ్ళ వెనక మా ఆటో నెమ్మదిగా పోయింది. చక్కెర ఫ్యాక్టరీ దగ్గర పడుతున్నకొద్దీ గాలిలో కాగిన చెరకురసం వాసన చిక్కబడింది. తమ్ముడి కోపం అప్పటికి కాస్త తగ్గింది. నా వైపు తిరిగి, "బాగా పడుకున్నావా?" అని అడిగాడు.

పడుకున్నానని చెప్పాను.

నిద్ర ఆ రోజుతో తిరిగి వచ్చేయలేదు. కొన్ని రాత్రులు వచ్చేది, కొన్ని రాత్రులు వచ్చేది కాదు. రాని రాత్రుల్లో అమ్మ నా పక్కన చాప వేసుకునేది. వానలు మొదలయ్యాక, అల్లుడికి చెప్పినట్టే తనే వచ్చి నన్ను రాజమండ్రిలో దిగబెట్టి వెళ్ళింది.