అన్నం తిన్నాకే అగ్రిమెంటు

పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున హిందూపురం నుంచి ఫోను వచ్చింది, మా మేనమామ ఇక లేడని. నిద్రలోనే పోయాడట. మా ఆయన మగ్గం దిగి వచ్చాడు. "అంత తొందరేమొచ్చె ఆ మనిషికి" అన్నాడు. బతికినన్నాళ్ళూ మామ ఏ పనీ తొందరపడి చేసినవాడు కాదు. ఆ నిదానం గురించే మా ఇంట్లో ఏళ్ళ తరబడి రగడ.

మామ భూముల బేరాలు కుదిర్చేవాడు. ఆ మాట చెప్పగానే జనం మొహాలు ఎలా మారతాయో నాకు తెలుసు. పెళ్ళి పంక్తిలో కూడా "ఓ, బ్రోకరా" అనేవాళ్ళు. "ఔనప్పా, నీకేమన్నా సైటు కావాల్నా?" అని మామ నవ్వేవాడు.

పరిగి నుంచి పెనుకొండ దాకా ఆయన నడవని గట్టు లేదు. కాగితాల దగ్గర మహా గట్టివాడు. పాత దస్తావేజులు, తాకట్టులేవీ లేవని చూపే ఈసీ, సర్వే నంబరు అన్నీ సరిచూసుకున్నాక కూడా అడ్వాన్సు ఇవ్వనిచ్చేవాడు కాదు. కొనేవాళ్ళను వెంటబెట్టుకుని అమ్మేవాళ్ళ ఇంటికి పోయి ఒక పూట అన్నం తినాలి, ఆ తర్వాతే అగ్రిమెంటు. వడ్డించేవాళ్ళ మొహం చూస్తే ఆ అమ్మకం ఇంట్లో అందరికీ ఇష్టమో కాదో తెలిసిపోతుందని ఆయన నమ్మకం. "సంతకం పెట్టేది ఒగడే అమ్మణ్ణీ. భూమి పోయేది ఇంటిల్లిపాదికీ" అనేవాడు.

ఈ నమ్మకం ప్రతిసారీ నిలబడిందని నేను చెప్పను. అమరాపురం దగ్గర ఒక ఇంట్లో నవ్వుతూ ఓళిగలు పెట్టారు, వాటి మీద గిన్నెడు నెయ్యి పోశారు. తీరా చూస్తే ఆ చేను అప్పటికే ఇంకొకరికి నోటిమాట మీద ఇచ్చేసి ఉన్నారు. అడ్వాన్సు వెనక్కి రాబట్టడానికి మామ చెప్పులరిగేలా తిరిగాడు. "అంత నెయ్యి పోస్తాండినప్పుడే అనుమానపడాల్సింది" అని తన మీద తనే నవ్వుకునేవాడు. మా అత్త మాత్రం నవ్వేది కాదు.

ఇక మా సంగతి. కార్ల ఫ్యాక్టరీ వస్తుందని మాట పుట్టిన రోజుల్లో ఎర్రమంచి పక్కన మాకొక ఎకరా చూశాడు. ధర్మవరంలో మాది అద్దె ఇల్లు, వానొస్తే మగ్గం మీదికి కారేది. చీరలమ్మి కూడబెట్టినదంతా ఆ చేనులో పెడితే, ధర పెరిగాక అమ్మి సొంత ఇల్లు కట్టుకోవచ్చని మా ఆశ. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. అగ్రిమెంటు టైపు చేయించుకుని భోజనానికి వెళ్ళాం. రైతు భార్య సంగటి, ఊరిబిండి పచ్చడి పెట్టింది. కొసరి కొసరి వడ్డించింది కానీ నోరు విప్పలేదు. మామ చెయ్యి కడుక్కుని ఆమె వైపు తిరిగాడు.

"ఏమ్మా, నీకు ఇష్టమేనా?"

"ఆయప్ప అమ్ముతానన్యాక నాదేముండాదన్నా. మా పాప మొగుడు పోయి ఈడికే వచ్చేసింది. ఆ చేనే చేసుకోని బతుకుతాండాది. దాన్ని మాత్రం ఎవురూ అడగలా."

రైతు తల వంచుకున్నాడు. "ముందు ఆ బిడ్డనడుగప్పా. ఆయమ్మ సరేననేదాకా ఈ బేరం నేను చెయ్యను" అని మామ లేచాడు. ఆ అమ్మాయి వద్దంది. మా ఎకరా పోయింది, మామ కమీషనూ పోయింది.

"సంగటి తిని చేను పోగొట్టుకున్యాం" అని మా ఆయన దెప్పని పండగ లేదు. ఫ్యాక్టరీ వచ్చింది, ధరలు ఆకాశాన్నంటాయి. కారే ఇంట్లో గిన్నెలు పెట్టుకుంటూ నేనూ కడుపు మండి మామకు ఫోను చేసేదాన్ని. ఆయన ఎప్పుడూ వాదించలేదు. "మీకు నష్టం చేసిన మాట నిజమే అమ్మణ్ణీ. ఆ బిడ్డ కన్నీళ్ళ మీద ఇల్లు కట్టుకోని మీరు నిద్రపోయినా, నాకు పట్టేది కాదు" అనేవాడు. ఆ తర్వాత ధర్మవరంలో వీధి వీధీ తిరిగి, మా చేతికందే చిన్న జాగా వెతికి పెట్టాడు. ఇప్పుడు మేముంటున్నది అక్కడే. ఆ రుణం నేను తీర్చుకోలేను.

కర్మ ముగించుకుని హిందూపురం నుంచి బస్సులో వస్తున్నాం. ఎర్రమంచి దగ్గర రోడ్డుకు రెండు పక్కలా రంగురాళ్ళు పాతిన వెంచర్లు. మధ్యలో ఆ ఎకరా ఒక్కటే వేరుశనగ పైరుతో పచ్చగా ఉంది. ఆ రైతు కూతురు ఒంటరిగా కలుపు తీస్తోంది. ఇటుగా వచ్చిన ప్రతిసారీ మా ఆయన ఆ చేను ధర ఎత్తుతాడు కాబట్టి నేను మొహం పక్కకు తిప్పుకున్నాను. ఆయన కిటికీ లోంచి తల బయటికి పెట్టి, ఆ చేను కనుమరుగయ్యేదాకా చూశాడు.

"చెనక్కాయ బాగొచ్చిండాది ఈతూరి" అన్నాడు.