తూకానికి అందని చూపు

నరసాపురం దాటాక రోడ్డు నీళ్ళలోకి దిగిపోయింది. మధ్యాహ్నం మూడున్నర. సన్నటి వాన. అక్కణ్ణుంచి రబ్బరు పడవ. వీపున మందుల పెట్టె, ఒళ్ళో బరువు తూచే మిషను. ఏటిగట్టు మీది బడిలో మా క్యాంపు. తొంభైల చివర్లో వచ్చిన ఒక గోదావరి వరద అది. నేను సైన్యంలో నర్సింగ్ అసిస్టెంటుని. మాది సామర్లకోట. మా దళంలో తెలుగొచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే.

డాక్టరు కెప్టెన్ ఆర్డరు సూటిగా ఉంది. అందరినీ తూచు, బక్కవాళ్ళకి బలం పొడి ఇవ్వు, మిగతావాళ్ళని పంపెయ్. వైర్‌లెస్ ఆపరేటరుది ఒకటే పాట: "పొడి అయిపోవచ్చింది. ఇంకా పంపండి. ఓవర్."

మర్నాడు పడవల్లో లంకలోంచి తరలించిన వాళ్ళలో మూడు నెలల బాలింత ఒకామె ఉంది. బొద్దుగా ఉంది. మిషను ముల్లు చూసి డాక్టరు వెళ్ళమని చెయ్యి ఊపాడు. కోడల్ని బాగా చూసుకుంటున్నానని వాళ్ళత్త మురిసిపోయింది.

ఆ సాయంత్రం వెలుగు తగ్గుతుంటే ఆ కోడలే గోడ తడుముకుంటూ నడవడం చూశాను. పగలు చకచకా పడవ దిగిన మనిషి. పిల్లాడి కాలికి నల్లదారంతో ఒక మువ్వ కట్టి ఉంది. అది మోగితేగానీ ఆమె వాడివైపు తిరగడం లేదు. నాకు కుతూహలం ఆగలేదు. ఇంత ఒళ్ళున్న మనిషికి రేచీకటి ఏంటి?

పొద్దున్నే అడిగాను. "చీకట్లో అందరికీ ఇంతేననుకున్నానండి అన్నయ్యగారూ" అంది. కడుపుతో ఉన్నప్పుడు అన్నం, పచ్చడి తప్ప ఏదీ సయించలేదట. కాన్పయ్యాక పథ్యం. అన్నం, వెల్లుల్లి కారం. ఆకుకూర లేదు, చేప లేదు, గుడ్డు లేదు.

నేను చెబితే డాక్టరు ఈసారి మిషను పక్కన పెట్టి ఆమె కళ్ళు చూశాడు. అన్నంతో ఒళ్ళు నిండుతుంది, కంటికి కావలసిన ఎ విటమిను అందులో ఉండదన్నాడు. ఇలాగే సాగితే చూపే పోవచ్చు, పిల్లాడికి పాలలోనూ లోటేనన్నాడు. రోజూ చిన్న మోతాదు మాత్ర రాశాడు. నూనె వేసి వండిన ఆకుకూర పెట్టమన్నాడు.

అత్త ఒప్పుకోలేదు. "బాలింత ఆకుకూర తింటే బిడ్డకి విరేచనాలు పట్టుకుంటాయండి బాబుగారూ. నా పెద్దోడు అలాగే పోయాడండి."

ఆమె మొండిది కాదు, భయపడుతోంది. నాకు జాలేసింది. సాయంత్రం మసకపడ్డాక మనవణ్ణి ఎత్తుకుని వరండాలో కూర్చోమన్నాను. మువ్వని గుప్పిట్లో మూసి, మాట్లాడకుండా ఉండమన్నాను.

కోడలు బయటికొచ్చింది. వాళ్ళ ముందు నుంచే నడిచి వెళ్ళింది. వరండా చివర ఖాళీ బెంచీ వైపు తిరిగి అడిగింది. "అత్తయ్యా, బాబేడండీ?"

అత్త పిల్లాణ్ణి గుండెకి హత్తుకుంది. మర్నాడు గట్టు మీద మునగాకు కోసుకొచ్చింది. పెసరపప్పులో వేసి నూనెతో తాలింపు పెట్టి, మొదటి ముద్ద తానే కలిపి కోడలి నోట్లో పెట్టింది. ఆ తర్వాత రోజంతా పిల్లాడి గుడ్డలు చూస్తూనే కూర్చుంది. వాడికేం కాలేదు.

రెండు వారాలకి నీళ్ళు తీశాయి. మాకు తిరిగి వచ్చెయ్యమని ఆర్డరొచ్చింది. చీకటి పడేవేళ పడవలో సామాను సర్దుతూ వెనక్కి చూశాను. బడి మెట్టు మీద ఆమె పిల్లాడి కాలికున్న ముడి విప్పుతోంది. మువ్వ తీసి అత్త చేతిలో పెట్టింది. వాడు కాళ్ళాడించాడు. ఏ చప్పుడూ లేదు. ఆమె వాడి మొహంలోకే చూస్తోంది.